చదువు చెప్పెటోళ్ల చదువు

ఇద్దరూ అక్షరాస్యత పనిలో ఉన్నవాళ్లే. అక్కది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో ఒక పల్లె. సాక్షర భారత్ అనే వయోజన విద్యా పథకం నడిచినన్నాళ్లు గ్రామ కోఆర్డినేటర్‌గా పనిచేసింది. ఇప్పుడు మహిళా సంఘాల లెక్కలు చూసే వీవోఏ. తమ్ముడు కరీంనగర్ జిల్లాలో సర్కారు బడి పంతులు, దాని తర్వాత వచ్చిన ఉల్లాస్ పథకంలో వాలంటీర్ టీచర్లకు ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్. మనుషులు కల్పితం. వాళ్ల మాటల్లో వచ్చే పథకాలు, ఊళ్లు, ఏండ్లు, లెక్కలు కల్పితం కావు. పెద్దవాళ్లకు చదువు చెప్పేవాళ్లను ఫోన్‌లో తయారు చేయవచ్చా అన్నదే ఇద్దరి తగువు.

తమ్ముడు: అక్కా, ఉల్లాస్ యాప్ చేతుల ఉన్నది. పాఠాలు దీక్ష పోర్టల్ల ఉన్నయి. వాలంటీర్‌కు ఎప్పుడు తీరితే అప్పుడు చూసుకుంటడు. మండలానికి పోవుడు లేదు, బస్సు కిరాయి లేదు, ఒకపూట కూలి పోగొట్టుకునుడు లేదు. ఇంకేం కావాలె?

అక్క: నువ్వు చెప్పినయన్నీ లేనియే తమ్మీ. ఉన్నదేందో చెప్పు.

తమ్ముడు: ఉన్నది పాఠం. ఎవరి చేతుల అరగని పాఠం. సాక్షర భారత్‌ల నీకు శిక్షణ ఎట్ల అందిందో యాది చేసుకో. హైదరాబాద్‌ల ఆంధ్ర మహిళా సభ నడిపిన రాష్ట్ర వనరుల కేంద్రంల వాచకాలు తయారైతుండె, అక్కడ రిసోర్స్ పర్సన్లు నేర్చుకుంటుండిరి. వాళ్లు మాస్టర్ ట్రైనర్లకు చెప్పిరి. వాళ్లు మీకు, మీరు ఊళ్లె వాలంటీర్లకు. చెయ్యి మారినప్పుడల్లా ఎంతో కొంత తరిగింది. ఊరికి వచ్చేసరికి వాచకం పేజీలు తిప్పి చూపెట్టుడే శిక్షణ అయింది. వీడియోల ఆ తరుగు ఉండదు. హైదరాబాద్‌ల చెప్పిన మాటే నీ గూడెంల వినబడుతది.

అక్క: తరుగు నిజమే, నేనేం కాదంటలేను. గని ఒక్కొక్క మెట్టు మీద ఒక మనిషి కూసున్నడు. మావోళ్లకు గోండి తప్ప తెలుగు సరిగ రాదు, మొదటి రోజు ఏ మాటతోటి మొదలుపెట్టాలె అని నేను అడిగితే ఆయనకూ జవాబు తెలువకపోయె. తెలువకున్నా, ఇసొంటి చిక్కు ఒకటున్నదని ఆయన చెవుల పడ్డది. నీ వీడియో చెవుల ఏం పడుతది?

తమ్ముడు: చెవుల పడ్డంక ఏమైంది? జవాబొచ్చిందా?

అక్క: రాలే.

తమ్ముడు: మరి? అడిగినమన్న తృప్తి తప్ప నీకు మిగిలిందేముంది? 2011 జనాభా లెక్కల ఏడేండ్లు దాటినోళ్ల అక్షరాస్యత పాత ఆదిలాబాద్ జిల్లాల 61 శాతం, పాత కరీంనగర్ జిల్లాల 64. ఒక్క ఆడోళ్ల లెక్క తీస్తే ఆదిలాబాద్‌ల 51, కరీంనగర్‌ల 55. అంటే ఆడోళ్లల్ల ఇంచుమించు సగం మందికి అక్షరం రాదు. ఇంత మందికి చదువు చెప్పాలంటే వేల మంది వాలంటీర్లు కావాలె. వాళ్లందరినీ మండల ఆఫీసు హాలుల కూసోబెట్టి నేర్పే రోజులు పోయినయి.

అక్క: మంది ఎక్కువున్నరు కాబట్టి తక్కువ నేర్పుదమా? సరే, వయోజనులకు చదువు చెప్పుడంటే ఏందో ముందుగాల మాట్లాడుదం. బడి పిల్లకు చెప్పినట్టు చెప్తే అయిపోతదా?

తమ్ముడు: కాదు. అది నేను ఒప్పుకుంట. మా దిక్కు బీడీలు చేసే ఆడోళ్లున్నరు. చాట ఒళ్లె పెట్టుకొని, చేతులు ఆకు చుడుతుంటె చెవులతోటి పాఠం వింటరు. వెయ్యి బీడీలకు ఎంతొస్తది, కట్టలు ఎన్ని తక్కువైనయి, ఎంత కోసుకున్నరు, అన్నీ నోటిలెక్కల చెప్తరు. కాయితం మీద వెయ్యి రాయరాదు. వాళ్ల ముంగట ఒకటి, రెండు, మూడు అని మొదలుపెడితే మొఖం మీదనే నవ్వుతరు.

అక్క: మా దగ్గర పత్తి ఏరే కాలమొస్తే రాత్రి ఎనిమిదైనా క్లాసుకు ఎవరూ రారు. వచ్చినోళ్ల వేళ్లు పత్తికాయ గీరుకొని పుండ్లైతయి, పెన్ను పట్టరు. నలభై దాటినోళ్లకు దగ్గరి చూపు ఆనది. అక్షరం రాదని చెప్పుకునుడు ఒక సిగ్గు, అద్దాలు కావాలని చెప్పుకునుడు ఇంకో సిగ్గు. అందుకే నాకు కనబడుతలేదని అనరు, రేపొస్తనని పోతరు. నాలుగు రోజులు రాకపోతే వాలంటీర్ ఆమె పేరు కొట్టేస్తడు. కొట్టెయ్యక ముందు ఇంటికి పోయి, వాచకం కొంచెం దూరం పెట్టి చూడమని అడగాలె. ఆ తెలివి ఏ వీడియోల ఉన్నది?

తమ్ముడు: పెడితే ఉంటది. నువ్వు ఇప్పుడు చెప్పిందే మూడు నిమిషాల వీడియో తీస్తే, ఆదిలాబాద్‌ల నువ్వు నేర్చుకున్నది పెద్దపల్లిల కొత్త వాలంటీర్‌కు రేపే అందుతది. లేకపోతే ఆయన కూడ నీ తీరుగనే పదేండ్లు దెబ్బలు తిని నేర్చుకోవాలె. టీ-సాట్‌ల విద్య, నిపుణ అని రెండు చానెళ్లే ఉన్నయి. చూపెట్టెటందుకు వసతికి కొదవ లేదు.

అక్క: చూపెట్టుడుకు కొదవ లేదు, నిజమే. తీసెటోడు మా గూడెం దాక రావాలె గద! నాకు వచ్చిన వీడియోలల్ల క్లాసు నిశ్శబ్దంగ ఉంటది, అందరు ముందుకే చూస్తరు. మా క్లాసుల పసిపిల్ల ఏడుస్తది, ఇంట్ల నుంచి పిలుపొస్తది, కరెంటు పోతది.

తమ్ముడు: అంటే వీడియో మంచిగ లేదంటున్నవ్. వీడియోనే వద్దంటలేవు.

అక్క: తొందరపడకు, ఇంక ఉన్నది.

తమ్ముడు: నేనూ ఒకటి చెప్త. ఈ పని మన తెలుగుతోటే మొదలైంది. 2000ల టీసీఎస్ ఒక పద్ధతి తయారు చేసింది, కంప్యూటర్‌తోటి అక్షరాస్యత. ఎఫ్.సి. కోహ్లీ పూనుకొని నడిపించిండు. మొదటి ప్రయోగం మెదక్ జిల్లా బీరంగూడల చేసిన్రు. ఆఫీసులల్ల పక్కకు పడేసిన పాత కంప్యూటర్లే తెచ్చిన్రు. జాతీయ సాక్షరతా మిషన్ తెలుగు వాచకాన్నే బొమ్మలతోటి, గొంతుతోటి కంప్యూటర్‌కు ఎక్కించిన్రు. మాటను ముందు మొత్తంగ చూపి, తర్వాత ముక్కలు చేసి చూపెట్టె. మామూలు పద్ధతిల రెండు వందల గంటలు పట్టే పనిని నలభై గంటలకు తెచ్చిన్రు, పేపర్ చదివేటంత మాటలు వచ్చినయి. ఇన్నేండ్ల కింద, ఇంటర్నెట్ సరిగ లేని కాలంల అయింది. ఇప్పుడెందుకు కాదు?

అక్క: బీరంగూడ ముచ్చట నాకూ తెలుసు. వాళ్లు ఏం సాధించాలనుకున్నరో అదీ చెప్పు.

తమ్ముడు: త్వరగ చదివించాలనుకున్నరు.

అక్క: ఇంకోటున్నది. శిక్షణ ఉన్న టీచర్లు అంత మంది దొరకరు కాబట్టి, టీచర్ అవసరం తగ్గించాలనుకున్నరు. పాఠం కంప్యూటరే చెప్తది, పక్కన నడిపించెటందుకు ఒక ప్రేరక్ కూసుంటె చాలు. చదివించుడు వరకు అది పనిచేసింది. రాయించుడు దాని పని కాదు. ఆడోళ్లను ఇండ్ల నుంచి పిలుసుకచ్చుడు, రెండోరోజు రాకపోతే పోయి అడుగుడు, అవన్నీ ఆ ప్రేరకే చేసిండు. ప్రయోగం గెలిచిందని చెప్పినప్పుడు అందరు కంప్యూటర్‌నే పొగిడిన్రు. ఆ ప్రేరక్‌కు ఏం నేర్పిన్రు, ఆయన ఏం నేర్చుకున్నడు అని ఎవరన్న అడిగిన్రా? ఇప్పుడు మీరు అదే తప్పు ఇంకో దిక్కు నుంచి చేస్తున్నరు. అప్పుడు నేర్చుకునేటోళ్ల ముంగట యంత్రం పెట్టిన్రు, ఇప్పుడు నేర్పెటోళ్ల ముంగట పెడుతున్నరు.

తమ్ముడు: మరి నీకు నచ్చిన పద్ధతి ఏది? పేరు చెప్పు.

అక్క: మార్లవాయి.

తమ్ముడు: హైమన్‌డార్ఫ్ ముచ్చటనా?

అక్క: అదే. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీంను కాల్చినంక, గోండుల బాధలేందో చూసి రమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943ల మార్లవాయిల శిక్షణ కేంద్రం పెట్టిన్రు. గోండు పిల్లలకు గోండిల చెప్పాలంటే గోండి వచ్చిన పంతులు కావాలె. చదువుకున్న గోండులు దొరకకపోయిరి. అప్పుడేం చేసిన్రు? బయటి పంతుళ్లను తేలేదు. చదువు రాని గోండు యువకులనే పిలిచి, ముందు వాళ్లకు చదువు చెప్పి, తర్వాత చదువు చెప్పుడు నేర్పిన్రు. దేవనాగరి లిపిల గోండి వాచకాలు తయారు చేసిన్రు. వయోజన విద్య, పంతుళ్ల శిక్షణ రెండూ ఒక్క కప్పు కిందనే నడిచినయి. నిన్నటి దాక తనకే అక్షరం రాదు కాబట్టి, అక్షరం రానోని భయం ఏందో ఆ పంతులుకు ఇంక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయె.

తమ్ముడు: మంచి కథనే. గని అది ఒక్క ఊరు. ఒక మానవ శాస్త్రవేత్త అక్కడే ఇల్లు కట్టుకొని ఉన్నడు, వెనుక సర్కారు ఉన్నది. అసొంటి కేంద్రాలు మండలానికి ఒకటి పెట్టే దమ్ము ఎవరికున్నది? నేను చేతుల ఉన్న దాంతోటి మాట్లాడుతున్న, నువ్వు చేతుల లేని దాంతోటి మాట్లాడుతున్నవ్.

అక్క: చేతుల ఏమున్నదో లెక్క తీద్దమా? ఈ నవభారత సాక్షరతా కార్యక్రమం, మీరు ఉల్లాస్ అనేది, 2022 నుంచి 2027 దాక. ఎన్ని కోట్లు?

తమ్ముడు: 1,037 కోట్ల 90 లక్షలు. కేంద్రం 700, మిగిలింది రాష్ట్రాలు.

అక్క: ఎంత మందికి?

తమ్ముడు: ఐదేండ్లల్ల ఐదు కోట్ల మందికి.

అక్క: భాగించు. మనిషికి 208 రూపాయలు సుత నిండవు, అదీ ఐదేండ్లకు కలిపి. నేర్పెటోళ్ల శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ అండ్లనే. సాక్షర భారత్‌ల గ్రామ కోఆర్డినేటర్‌కు నెలకు రెండు వేల గౌరవ వేతనం ఉండె. 2018 మార్చితోటి ఆ పథకమే ఆగిపోయింది. ఇప్పుడు వాలంటీర్‌కు పైసా లేదు. ఫోన్ ఆయనది, డేటా ఆయనది, రాత్రిపూట నిద్ర ఆయనది. అందుకే ఆన్‌లైన్ శిక్షణ మీకు ముద్దొచ్చింది. అది మంచిదని తేలినందుకు కాదు, అగ్గువకు వచ్చినందుకు.

తమ్ముడు: అగ్గువ అంటే తప్పా? అగ్గువ కాబట్టే నీ గూడెం దాక వస్తది. పిరమైన శిక్షణ కరీంనగర్‌లనే ఆగిపోతది. సాక్షర భారత్ ఆగినంక నాలుగేండ్లు ఏముండె? ఏం లేకుండె. ఏం లేని కాడ ఏదన్న ఉండుడు మంచిది గాదా?

అక్క: ఏదన్న ఉన్నదని చెప్పుకుంట అసలుది అడుగుడు మరిచిపోతమని నా భయం. 2022 జూన్‌ల మొరాకోల మరాకెష్‌ల యునెస్కో వయోజన విద్య మీద ఏడో ప్రపంచ సభ పెట్టింది. వయోజనులకు చదువు చెప్పెటోళ్లను వృత్తి నేర్చినోళ్లుగ తయారు చేయాలె, వాళ్ల పని పరిస్థితులు బాగుపడాలె అని దేశాలన్నీ ఒప్పుకున్నయి. అదే సాలు మన దేశంల ఆ పని మొత్తం స్వచ్ఛంద సేవ అయింది. వృత్తి అనుకుంటె శిక్షణకు టైము, పైసలు పెట్టాలె. సేవ అనుకుంటె వీడియో పంపి దండం పెట్టొచ్చు.

తమ్ముడు: జీతం ముచ్చట మనిద్దరి చేతుల లేదక్కా. శిక్షణ ముచ్చట చూడు. మన ఆడోళ్లు ఫోన్ నేర్చుకోలేరన్నట్టు మాట్లాడుతున్నరు అందరు. ఉపాధి హామీ పనుల మేట్లను చూడు. 2023 జనవరి నుంచి హాజరు యాప్‌లనే వెయ్యాలన్నరు. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఇంకో ఫొటో. పదో తరగతి దాటని ఆడోళ్లు వారంల నేర్చుకున్నరు. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు భర్త దుబాయ్‌ల ఉన్న ఆడోళ్లు ఒక్క అక్షరం రాకున్నా వీడియో కాల్ చేస్తరు, వాయిస్ మెసేజ్ పెడుతరు. అవసరం ఉంటె ఫోన్ ఎవరికీ బరువు కాదు.

అక్క: అవసరం ఉన్నోళ్ల ముచ్చట చెప్పినవ్. చేతుల ఫోన్ లేనోళ్ల ముచ్చట చెప్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, తెలంగాణల ఎప్పుడన్న ఒక్కసారన్న ఇంటర్నెట్ వాడిన ఆడోళ్లు నూటికి 26 మంది. మొగోళ్లు 57. ఇప్పుడు పెరిగి ఉంటరు, కాదన. గని ఇంటికి ఒక్క ఫోన్ ఉంటె అది ఎవరి జేబుల ఉంటదో నీకు తెలుసు. మా వాలంటీర్లల్ల ఆడపిల్లలే ఎక్కువ. తమ్ముడు ఆట ఆపి ఫోన్ ఇస్తేనే అక్క శిక్షణ సాగుతది.

తమ్ముడు: అది నిజం. అందుకే ఎప్పుడు తీరితే అప్పుడు చూసే వీడియో మేలంటున్న. పది గంటలకే మీటింగ్‌ల ఉండాలంటే ఆ పిల్ల ఉండలేదు. ఇంకోటి, క్లాసుకొచ్చేటోళ్లు ఇప్పుడు ఏం నేర్పుమంటున్నరు? సంతకం ఒక్కటే కాదు. బ్యాంకు మెసేజ్ ఎంతకు వచ్చిందో చదవాలె, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని తెలువాలె, భర్త పేరు ఫోన్ల వెతకాలె. ఉల్లాస్‌ల జీవన నైపుణ్యాలని రాసిన దాంట్ల డిజిటల్ అక్షరాస్యత కూడ ఉన్నది. ఫోన్ పట్టుడు రాని వాలంటీర్ అది ఎట్ల నేర్పుతడు?

అక్క: ఈ మాట నేను కాదనలేను. ఫోన్ నేర్పాలె. వాలంటీర్‌కు ముందు నేర్పాలె. సంఘంల కిస్తీ కట్టిన మెసేజ్ చదువరాక మోసపోయినోళ్లను నేనే చూసిన. గని ఫోన్‌ను నేర్పుడు వేరు, ఫోన్‌తోటే అన్నీ నేర్పుడు వేరు. ఈత నేర్పాలె గని ఒడ్డు మీద కూసోబెట్టి ఈత వీడియో చూపిస్తే ఎవరికి వస్తది?

తమ్ముడు: భాష సంగతి అడిగితివి గద, దానికి నా దగ్గర జవాబున్నది. నార్నూర్ మండలం గుంజాలల దొరికిన గోండి లిపి 2018ల యూనికోడ్‌కు ఎక్కింది. అంటే గోండిని గోండి లిపిలనే ఫోన్ల టైపు చేయొచ్చు, పాఠం తయారు చేయొచ్చు. మార్లవాయిల దేవనాగరి వాడాల్సి వచ్చె. ఆ బాధ ఇప్పుడు లేదు.

అక్క: సంతోషమే. ఆ లిపి చదివేటోళ్లు ఎంత మంది? మొదటి రోజు మాకు కావాల్సింది లిపి కాదు, గొంతు. ఆదిలాబాద్ రేడియోల గోండి వచ్చిందంటె ముసలోళ్లు పని ఆపి వింటరు. శిక్షణల కూడ అంతే. గోండిల మొదలుపెట్టి తెలుగు అక్షరం కాడికి ఎట్ల తీసుకపోయిందో, మా దగ్గర ఎనిమిదేండ్లు చెప్పిన ఒకామె గొంతుతోటి వినాలె. ఆమె మాట రికార్డు చేసి పంపు. దాన్ని నేను వద్దన.

తమ్ముడు: ఆగాగు. రికార్డు చేసి పంపుమంటున్నవ్ అంటె, అది ఆన్‌లైన్ శిక్షణ గాదా?

అక్క: అయితే అయింది, దానికి పేరు ఏది పెట్టుకుంటవో పెట్టుకో. ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో చూడు. ఇప్పుడు పాఠం పైనుంచి కిందికి వస్తున్నది. చూసినట్టు యాప్‌ల గుర్తు పడితే శిక్షణ అయినట్టే లెక్క. నేర్చుకునేటోళ్లకు పరీక్ష ఉన్నది, చదువుడు, రాసుడు, లెక్కలు కలిపి 150 మార్కులు. నేర్పెటోళ్లు ఏం నేర్చుకున్నరో చూసే పరీక్ష ఏది? వీడియో చూసిన్రా లేదా, అదొక్కటే. నేను అడిగేది ఊరి నుంచి పైకి పోయే దారి. వాలంటీర్ తన క్లాసుల ఏ కాడ ఆగిపోయిందో రెండు నిమిషాలు చెప్పి పంపాలె. అనుభవం ఉన్నోళ్లు ఒకరు విని, ఆమె పేరు పెట్టి జవాబు చెప్పాలె. పక్క మండలం వాలంటీర్లు అది వినాలె. యూరప్‌ల వయోజన టీచర్లకు ఎపాల్ అని ఒక వేదిక పదేండ్లకు పైగ నడుస్తున్నదని నువ్వే చెప్పినవ్. అండ్ల పాఠాలు ఉన్నందుకు గాదు, టీచర్లు ఒకరికొకరు రాసుకుంటరని చెప్పినవ్.

తమ్ముడు: చెప్పిన. గని నీ పద్ధతిల రెండు చిక్కులున్నయి. ఒకటి, క్లాసు రికార్డు అంటె ఆడోళ్లు ఒప్పుకోరు. అక్షరం రాక తడబడుతుంటె ఫోన్ ముంగట పెడితే రేపటి నుంచి రానే రారు.

అక్క: అందుకే వాలంటీర్ గొంతు మాత్రమే. నేర్చుకునేటోళ్ల మొఖం, పేరు ఏవీ వద్దు. రెండోది?

తమ్ముడు: వినేదెవరు? ఒక్క రిసోర్స్ పర్సన్ మీద వంద మంది వాలంటీర్లుంటె, తలా రెండు నిమిషాలంటె రెండు వందల నిమిషాలు. జవాబు చెప్పుడుకు ఇంకా రెండింతలు. నేను పొద్దంత బడిల చెప్పాలె. ఆ పనికి ఒక మనిషి కావాలె, ఆయనకు జీతం కావాలె. మళ్ల నీ 208 రూపాయల కాడికే వచ్చినం.

అక్క: రావాల్సిందే. నేను పైసలు అడిగితే శిక్షణ ముచ్చట చూడుమంటివి. శిక్షణ ముచ్చట తీస్తే పైసల కాడికి నువ్వే తెస్తివి. వీడియో ఒక్కసారి తీస్తే ఎన్నిసార్లన్న నడుస్తది, ఖర్చు లేదు. వినే మనిషికి ప్రతి నెల ఖర్చే. అందుకే వీడియో ఉన్నది, వినే మనిషి లేడు. ఎవరన్న తెలివి తక్కువతోటి చేసిన పని కాదిది, లెక్క చూసుకొనే చేసిన్రు.

తమ్ముడు: అంత చెడ్డగ అనుకోకు. నేను ఆపుదమనను. అమ్మకు అక్షరమాల అనే కార్యక్రమం కింద సంఘాల ఆడోళ్ల పేర్లు ఇప్పటికే రాసుకున్నరు. వాళ్లు ఎదురుచూస్తున్నరు. సరైన పద్ధతి వచ్చేదాక ఆగుమంటె వాళ్ల వయసు ఆగుతదా? నేను ఉన్న వీడియోలతోటే మొదలుపెడుత. నువ్వు చెప్పిన దారి ఎనుక నుంచి కలుపుత.

అక్క: మొదలుపెట్టు, అడ్డం పడ. గని ఎనుక కలిపేటివి మన దగ్గర ఎప్పుడూ ఎనుకనే ఉంటయి. అందుకే రెండు షరతులు. మొదటి రెండు రోజులు మండలంల ఎదురెదురుగ కూసోని నేర్చుకోవాలె, కిరాయి, కూలి ఇచ్చి. తర్వాత ఫోన్. ఇంకోటి, వాలంటీర్ సర్టిఫికెట్ వీడియో చూసినందుకు ఇయ్యొద్దు. ఎవరన్న ఒకరు ఆ క్లాసుకు పోయి, ఒక పూట కూసోని చూసినంకనే ఇయ్యాలె.

తమ్ముడు: రెండోది నా చేతుల ఉన్నంత వరకు చేస్త, దగ్గరి ఊళ్లల్ల. మొదటి దానికి నేను మాటియ్యలేను.

అక్క: ఇయ్యలేవని నాకు తెలుసు. అడిగిన్నని రాసుకో.

తమ్ముడు: రాసుకుంట. మరి వచ్చే ఆన్‌లైన్ శిక్షణకు నీ పేరు పెట్టాల్నా, వద్దా?

అక్క: పెట్టు. మా వాలంటీర్లందరినీ కూసోబెడుత, సిగ్నల్ దొరికే కాడికి తీసుకపోయి మరీ. గని మా మైకులు బంద్ చెయ్యొద్దు. ఒక్కొక్కరు ఒక ప్రశ్న పట్టుకొని వస్తరు. జవాబులు అయినంకనే హాజరు వెయ్యి.

తమ్ముడు: అందరి ప్రశ్నలు తీస్కుంటె నాకిచ్చిన గంట యాడ సరిపోతదక్కా?

అక్క: సరిపోదు. అయితే పైకి ఉత్తరం రాసేటప్పుడు ఇంకో గంట కావాలని రాయి. ఇంకో పది వీడియోలు కావాలని రాయకు.